డబ్బా దిట్టమైతే లెక్క భద్రమా?

మార్చి నెలాఖరులో గుంటూరు బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో కంప్యూటర్ దుకాణం ముందు కాసేపు నిలబడితే ఒక ప్రశ్న తప్పకుండా చెవిన పడుతుంది: "బ్యాకప్ పెట్టుకోవడానికి ఏది నమ్మకమండీ?" అడిగేది మిర్చి కమీషన్ వ్యాపారి కావచ్చు, జిన్నింగ్ మిల్లు గుమాస్తా కావచ్చు, కోల్డ్ స్టోరేజీ మేనేజరు కావచ్చు. జవాబు సిద్ధంగానే ఉంటుంది. "హార్డ్ డిస్కులు పాతబడ్డాయి సార్, ఎస్‌ఎస్‌డీ తీసుకోండి. లోపల తిరిగేదేమీ ఉండదు, కింద పడినా పోదు. కాస్త ఖరీదైనా మంచి కంపెనీది." బేరం కుదురుతుంది. ఆ సాయంత్రమే లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ ఫోల్డరు అందులోకి ఎక్కుతుంది, డబ్బా బీరువాలోకి చేరుతుంది, యజమాని నిశ్చింతగా ఇంటికి వెళతాడు. మార్చి 31ని ప్రపంచ బ్యాకప్ దినంగా జరుపుతారట. మన వ్యాపారికి ఆ రోజు ఖాతాలు ముగించే హడావిడిలో మంచినీళ్లు తాగే తీరిక ఉండదు. ఆ తేదీ ఎంచినవాళ్లకు మన ఆర్థిక సంవత్సరం సంగతి తెలిసినట్టు లేదు.

నా పేచీ ఆ నిశ్చింతతోనే. దుకాణదారు అబద్ధమాడాడని నేననడం లేదు. ఎస్‌ఎస్‌డీ గురించి అతను చెప్పిన రెండు ముక్కలూ చాలావరకు నిజమే. తప్పు ప్రశ్నలోనే ఉంది. నమ్మకం వస్తువులో ఉంటుందని, నాలుగు డబ్బులు ఎక్కువ పెడితే అది దొరుకుతుందని వ్యాపారులే కాదు, వాళ్లకు సలహాలిచ్చే కంప్యూటర్ నిపుణులూ ఆడిటర్లూ కూడా అనుకుంటున్నారు. యూట్యూబులో తెలుగు వీడియోలు సైతం "ఏది బెస్ట్" దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతాయి. ఈ ఆలోచన ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, డేటా పోయిన వ్యాపారి కూడా "ఆ కంపెనీది కొనకుండా ఉండాల్సింది" అని వాపోతాడే కానీ "ఒక్కటే ఎందుకు పెట్టుకున్నాను" అని అనుకోడు.

అసలు ఎంతకాలం కాపాడాలో ముందు చూద్దాం. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఒక ఏడాది లెక్కలను ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు దాచాలి. 2024 ఏప్రిల్‌లో మిర్చి యార్డులో రాసిన బిల్లు 2024-25 కిందికి వస్తుంది. దాని వార్షిక రిటర్నుకు చట్టం పెట్టిన గడువు 2025 డిసెంబరు 31. అక్కడినుంచి 72 నెలలంటే 2031 ఆఖరు. అంటే ఆ బిల్లును ఏడేళ్ల తొమ్మిది నెలల దాకా చూపించగలగాలి. అప్పీలు నడుస్తుంటే ఇంకా ఎక్కువ. కంపెనీగా నమోదైన మిల్లుకు కంపెనీల చట్టం 128వ సెక్షన్ ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు అంటుంది. ఇప్పుడు డబ్బా మీది వారంటీ చూడండి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుకు సాధారణంగా రెండు మూడేళ్లు, ఎస్‌ఎస్‌డీకి మూడు నుంచి అయిదు. తయారుచేసినవాడే అంతకుమించి మాట ఇవ్వడం లేదు. ఆ ఇచ్చిన మాటైనా వస్తువుకే. పాడైతే కొత్త ఖాళీ డిస్కు చేతికిస్తాడు. పాడైనదానిలో ఉన్న రైతుల ఖాతాలు అతనికి సంబంధించిన విషయం కాదని వారంటీ కాగితంలో చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది.

ఇక లెక్క వేద్దాం. వ్యాపారులకు లెక్కకన్నా బాగా నచ్చచెప్పేది లేదు. అమెరికాలో బ్యాక్‌బ్లేజ్ అనే నిల్వ సంస్థ తన దగ్గర రాత్రింబవళ్లు తిరిగే రెండున్నర లక్షలకు పైగా హార్డ్ డిస్కుల్లో ఏటా ఎన్ని చస్తున్నాయో దాచకుండా ప్రకటిస్తుంది. 2023లో నూటికి 1.70, 2024లో 1.57. అవి చల్లటి గదుల్లో, నిపుణుల కనుసన్నల్లో ఉండేవి. మన యార్డు షెడ్డులో, మిల్లు ఆఫీసులో, కరెంటు పోయి వచ్చే చోట పరిస్థితి అంతకన్నా హీనమే. నూటికి అయిదు అనుకుందాం. అంటే ఏడాదిలో మీ డిస్కు పోయే అవకాశం ఇరవైలో ఒకటి. ఇప్పుడు రెట్టింపు డబ్బు పెట్టి, రెట్టింపు గట్టి డిస్కు కొన్నారు. అవకాశం నలభైలో ఒకటికి తగ్గింది. అదే డబ్బుతో మామూలువి రెండు కొని వేర్వేరు చోట్ల పెట్టి ఉంటే? రెండూ ఒకే ఏడాది పోయే అవకాశం నాలుగు వందల్లో ఒకటి. మూడు పెడితే ఎనిమిది వేలల్లో ఒకటి. గట్టి వస్తువు కోసం వెతికినవాడు రెండింతలు బాగుపడ్డాడు, రెండో నకలు పెట్టినవాడు ఇరవై ఇంతలు బాగుపడ్డాడు. పైగా మొదటిది పోయిన సంగతి వెంటనే తెలిసి బదులు పెట్టుకుంటే ప్రమాదం ఇంకా తగ్గుతుంది. ఈ లెక్కలో ఒక షరతు ఉంది: రెండు డిస్కులూ ఒకే కారణంతో పోకూడదు. ఒకే బీరువాలో ఉంటే ఈ గుణకారం చెల్లదు. దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

ఎస్‌ఎస్‌డీ సంగతి కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఊరంతా దాని మోజులోనే ఉంది. రోజూ పనిచేసే కంప్యూటర్లో అది భేషైన వస్తువు. వేగం, దెబ్బలకు ఓర్చుకునే గుణం నిజమే. బీరువాలో పడుకోబెట్టడానికి మాత్రం అది పుట్టలేదు. దాని లోపల ప్రతి అక్షరం చిన్న అరల్లో బంధించిన విద్యుదావేశం. కరెంటు ఇవ్వకుండా వదిలేస్తే అది నెమ్మదిగా కారిపోతుంది. ఈ చిప్పులకు ప్రమాణాలు రాసే జెడెక్ సంస్థ మామూలు వాడకపు ఎస్‌ఎస్‌డీకి పెట్టిన షరతు ఏమిటంటే, రాతల పరిమితి అంతా వాడేసిన తర్వాత కూడా, 30 డిగ్రీల వేడిలో, కరెంటు లేకుండా ఒక ఏడాది డేటా నిలవాలి. సర్వర్లలో వాడే రకానికైతే 40 డిగ్రీల్లో మూడు నెలలే. కొత్త డిస్కు దీనికన్నా చాలాకాలం నిలుస్తుంది, ఆ మాట దాచను. కానీ వేడి పెరిగేకొద్దీ ఆ గడువు కుదించుకుపోతుంది. ఈ నేల ఎండలకు పేరుపడ్డ రెంటచింతల నేల. మే నెలలో రేకుల షెడ్డు కింద ఇనప బీరువాలో ఎంత వేడి ఉంటుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అరిగిపోయిన పాత ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీని తీసి, "ఇది బ్యాకప్‌కి పనికొస్తుందిలే" అని అలాంటి బీరువాలో పెట్టేవాళ్లు మన చుట్టూ ఎంతమంది! పెన్‌డ్రైవ్ అయితే ఇదే జాతిలో నాసిరకం. ఫైళ్లు ఒకచోటినుంచి ఇంకోచోటికి మోసుకుపోవడానికి తప్ప ఎందుకూ కొరగాదు. 64 జీబీ అని అట్ట మీద రాసి లోపల 8 పెట్టే నకిలీలు కూడా బజార్లో తిరుగుతున్నాయి.

"అయితే వెయ్యేళ్లు ఉండేది కొందాం" అనేవాళ్లు ఇంకో రకం. వాళ్ల కోసమే ఎం-డిస్క్ వచ్చింది. మామూలు డీవీడీలో రంగు పొర వెలుతురుకీ వేడికీ పాడవుతుంది కాబట్టి, రాయిలాంటి పొర మీద చెక్కినట్టు రాస్తామని, వెయ్యేళ్లు చెక్కుచెదరదని ప్రచారం చేశారు. దాన్ని తెచ్చిన మిలెనియాటా కంపెనీ 2016లో దివాలా తీసింది. డిస్కు వెయ్యేళ్లు ఉంటుందేమో, దాన్ని చదివే డ్రైవు ఏది? కొత్త ల్యాప్‌టాపుల్లో డిస్కు పెట్టే గూడే మాయమైంది. సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలో రాసుకునే బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. వస్తువు ఆయుష్షు వేరు, దాన్ని చదవగలిగే కాలం వేరు. చిన్నదయ్యేది రెండోదే.

రాయి మాట వచ్చింది కాబట్టి మన అమరావతికి రండి. మన్నికలో రాయిని మించిన మాధ్యమం ఏది? పల్నాటి సున్నపురాతి పలకల మీద బుద్ధుడి కథలు, దాతల పేర్లు, వాళ్ల ఊర్లు, వృత్తులు చెక్కి మహాచైత్యం చుట్టూ నిలబెట్టారు. సుమారు పదహారు పదిహేడు వందల ఏళ్లు అవి వానకు తడిసీ ఎండకు ఎండీ నిలిచాయి. 1790లలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడ కొత్త పట్నం కట్టించేటప్పుడు ఆ చైత్యం ఉన్న దిబ్బను, అంటే దీపాలదిన్నెను, ఇటుకా రాయీ కోసం తవ్వించాడు. కర్నల్ కాలిన్ మెకంజీ 1797లో ఒకసారి చూసివెళ్లాడు. సర్వేయర్ జనరల్ హోదాలో 1816లో మళ్లీ వచ్చేసరికి అప్పుడు చూసినవాటిలో ఎన్నో లేవు. గోడల్లో కలిసినవి కొన్ని, బట్టీలో కాలి సున్నమైనవి కొన్ని. మెకంజీ మనుషులు మిగిలిన శిల్పాలకు నెలల తరబడి కూర్చుని కాగితాల మీద బొమ్మలు గీశారు. ఆ కాగితాలు దేశం దాటి లండన్ చేరాయి, ఇవాళ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన రాళ్లు కొన్ని అక్కడి మ్యూజియంలో, కొన్ని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మెకంజీ బృందం గీసినవాటిలో కొన్ని పలకలు ఈనాడు ఎక్కడా లేవు. వాటి రూపం మనకు తెలిసిందంటే ఆ కాగితం వల్లే.

విదేశీయుడు తీసుకుపోయాడని కోపం రావడం న్యాయమే, నాకూ వస్తుంది. ఆ వాదన వేరే చోట చేసుకుందాం. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే. రాయి గట్టిదే. అది చెడిపోలేదు, అరిగిపోలేదు. దాన్ని పక్కవాడు ఇంకో పనికి వాడుకున్నాడు. కాగితం బలహీనమైనదే, చెదపురుగు చాలు దాన్ని తినడానికి. అయినా నిలిచింది, ఎందుకంటే అది రెండో నకలు, ఉన్నది ఇంకోచోట, ఆ చోటును పట్టించుకునే మనుషులున్నారు. డేటా పోయే తీరు కూడా ఇదే. డిస్కు వయసుమీరి పోవడం ఒక్కటే కారణమైతే గట్టి డిస్కు కొంటే సరిపోయేది. గుమాస్తా పొరపాటున చెరిపేయడం, దొంగ ఎత్తుకుపోవడం, మంట, వరద, వైరస్, పిల్లవాడు సినిమాల కోసం ఫార్మాట్ చేయడం — వీటిలో ఒక్కదానికీ వస్తువు నాణ్యతతో పనిలేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీద పడింది. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది, అంతకుముందు ఎన్నడూ చూడనంత. సింగ్‌నగర్‌లో కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. టేబుల్ మీద కంప్యూటరూ, దాని పక్క బీరువాలో ఖరీదైన బ్యాకప్ డిస్కూ ఒకే గంటలో మునుగుతాయి. ఇందాక ఇరవైని ఇరవైతో గుణించాం చూశారా, ఆ గుణకారం చెల్లనిది ఇక్కడే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2008లో గుంటూరు మిర్చి యార్డే తగలబడింది. ఎండు మిర్చి, దూది, గోనెసంచుల మధ్య బతికే వ్యాపారానికి నిప్పు భయం గురించి పాఠం చెప్పడం నాకు సిగ్గుగా ఉంది. పెద్ద రైతు తన సరుకంతా ఒకే కోల్డ్ స్టోరేజీలో పెట్టడు, రెండు మూడు చోట్ల సర్దుతాడు. ఆ సరుకు లెక్క రాసుకునే వ్యాపారి మాత్రం అన్నీ ఒకే గదిలో పెడతాడు.

నీరూ నిప్పూ కనిపించే శత్రువులు. రాన్సమ్‌వేర్ కనిపించదు. 2017 మేలో వానాక్రై దాడి జరిగినప్పుడు గుంటూరు, కృష్ణా, చిత్తూరు సహా కొన్ని జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లకే తగిలింది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు మూగబోతే అంత పెద్ద ఆసుపత్రి రోజుల తరబడి కాగితం మీద నడిచింది. ఈ రకం వైరస్ కంప్యూటర్లోని ఫైళ్లకు తాళం వేసి, దానికి తగిలించి ఉన్న ప్రతి డిస్కుకూ వేస్తుంది. బ్యాకప్ డిస్కును రాత్రింబవళ్లు తీగకు వేలాడదీసి "ఆటోమేటిక్‌గా ఎక్కుతోంది సార్" అని మురిసిపోయేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మిల్లుల్లో ఇప్పుడు నాలుగు డిస్కులున్న పెట్టెలు పెడుతున్నారు. ఒకటి పోయినా మిగతావి నడిపిస్తాయి, ఆ మేరకు మంచిదే. కానీ మీరు చెరిపిన ఫైలును ఆ నాలుగూ ఒకేసారి, ఎంతో విధేయంగా చెరిపేస్తాయి.

ఇక్కడిదాకా ఒప్పుకుని, "అందుకే క్లౌడ్ అంటున్నాం" అని చేతులు దులిపేసుకునే కొత్తతరం ఒకటుంది. వాళ్ల వాదనలో బలం ఉంది. దూరంగా ఉంటుంది, మన వరద దానికి అంటదు. కానీ క్లౌడ్ కూడా ఎక్కడో ఒక ఊళ్లో ఒక భవనమే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటరు తగలబడితే, బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్న ఖాతాదారులు రెండూ పోగొట్టుకున్నారు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజియాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకున్నాయి. ప్రభుత్వోద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే నిల్వ, 858 టెరాబైట్లు, బూడిదైంది. అంత పెద్దదానికి బయట నకలు తీయడం కష్టమని తీయలేదట. టెక్నాలజీలో కొరియాను మించినవాళ్లు ఎంతమంది? 2024 మేలో ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అనే పింఛను నిధి ఖాతాను గూగుల్ క్లౌడ్ తన పొరపాటుతో రెండు ప్రాంతాల్లోనూ చెరిపేసింది. ఆ సంస్థ బతికి బయటపడిందంటే ఇంకో కంపెనీ దగ్గర వేరే నకలు పెట్టుకోబట్టే. ఇక ఆ గూగుల్ సంగతే చూడండి. 2011లో నూటికి 0.02 మంది జీమెయిల్ ఉత్తరాలు మాయమైతే వాటిని తిరిగి తెచ్చింది అందరూ పాతబడిందనుకునే టేపు నుంచి. ఆ తప్పు ఆన్‌లైన్ నకళ్లన్నిటికీ పాకింది. తీగకు తగిలించని టేపుకు పాకలేదు.

మన దగ్గర క్లౌడ్ అంటే చాలాసార్లు గుమాస్తా సొంత జీమెయిల్. అతను ఉద్యోగం మానేస్తే అదీ పోతుంది. రెండేళ్లు ఎవరూ తెరవకపోతే ఆ ఖాతాను తీసేసే హక్కు గూగుల్ తన దగ్గర ఉంచుకుంది. పైగా ఫోల్డరు జత చేసి ఉంచే పద్ధతిలో ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది, గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులు ఉండి వెళ్లిపోతుంది. మిర్చి సీజన్ హడావిడిలో ఫిబ్రవరిలో చెరిగిన ఖాతా యార్డుకు సెలవులిచ్చాక మేలో బయటపడితే అడగడానికి ఎవరూ ఉండరు.

ఇప్పటిదాకా చెప్పినదానికన్నా పెద్ద లోపం ఇంకొకటుంది, అది ఏ మాధ్యమంలోనైనా ఒకటే. బ్యాకప్ తీస్తాం, తెరిచి చూడం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశాడు. అయిదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నాయి. అవసరానికి ఒక్కటీ అక్కరకు రాలేదు. రోజువారీ బ్యాకప్ విఫలమవుతోందని హెచ్చరించే ఈమెయిళ్లు సైతం ఎవరికీ చేరకుండా తిరస్కరణకు గురయ్యాయి. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన నకలు ఒకటి దొరికి కంపెనీ పరువు నిలిచింది. అక్కడ పనిచేసేవాళ్లంతా కంప్యూటర్లే వృత్తిగా ఉన్నవాళ్లు. మన షాపుల్లోనో? టాలీ వాల్ట్ పాస్‌వర్డు పెట్టిన గుమాస్తా ఊరు మారాడు. ఆ పాస్‌వర్డు పోతే టాలీ కంపెనీ కూడా తెరిచివ్వలేదు. డిస్కు బాగుంది, ఫైలు బాగుంది, లెక్క మాత్రం లేదు.

చట్టం ఈ విషయంలో మన నిపుణులకన్నా తెలివిగా ఉండటం నాకు ఆశ్చర్యం. జీఎస్టీ నిబంధనల్లో 57వది ఎలక్ట్రానిక్ లెక్కలకు బ్యాకప్ ఉండాలంటుంది. ఏ డిస్కులో అని అడగదు. ప్రమాదంలోనో ప్రకృతి వైపరీత్యంలోనో లెక్కలు నాశనమైతే తగిన సమయంలో తిరిగి తేగలిగేలా ఉండాలని మాత్రం అంటుంది. కంపెనీల విషయంలో 2022 ఆగస్టు సవరణ తర్వాత బ్యాకప్‌ను భారతదేశంలో ఉన్న సర్వర్‌లో రోజూ ఉంచాలి. రోజూ తీయడం, వేరుగా ఉంచడం, తిరిగి తేవడం: చట్టం చూసేది వీటినే.

"చిన్న కొట్టుకు ఇంత తతంగం ఎందుకు" అంటారు. కమీషన్ కొట్టు లెక్క ఒక్క యజమానిది కాదు. ఏ రైతుకు ఎంత అడ్వాన్సు, ఏ తేదీ నుంచి వడ్డీ, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయి, తేమకూ తాలుకూ ఎంత కోత, పట్టీలో నికరం ఎంత — ఇవన్నీ ఆ ఫైలులో ఉంటాయి. కోల్డ్ స్టోరేజీలో అయితే ఎవరి సరుకు ఏ ఛాంబరులో ఉందో, ఏ బాండు మీద ఏ బ్యాంకు అప్పిచ్చిందో ఉంటుంది. ఆ ఫైలు పోయిన రోజున వ్యాపారి తన జ్ఞాపకం నుంచి లెక్క మళ్లీ రాసుకుంటాడు. ఆ జ్ఞాపకం ఎవరి వైపు మొగ్గుతుందో వేరే చెప్పాలా? రైతు దగ్గర ఉండేది చెమటకు తడిసిన చీటీ ముక్క. వెనకటి రోజుల్లో రోజువారీ పద్దులు రాసే చిట్టా వేరు, ఖాతాలవారీగా ఎక్కించే ఆవర్జా వేరు. ఆవర్జా పోయినా చిట్టా చూసి మళ్లీ ఎక్కించుకునేవారు. ఒకటి పోతే ఇంకొకటి సాక్ష్యం. రెండింటినీ ఒకే ఫైలులో కలిపి, ఆ ఫైలును ఒకే డబ్బాలో పెట్టిన ఘనత మన కాలానిది. కౌలు రైతు సంగతి ఇంకా కష్టం. అతని పేరు భూమి కాగితాల్లో ఉండదు, వ్యాపారి ఖాతాలోనే ఉంటుంది.

ఖర్చు సంగతీ తేల్చేద్దాం. ఒక కొట్టు టాలీ డేటా మొత్తం సాధారణంగా కొన్ని జీబీలు దాటదు. ధర బాగున్న ఏడాది ఒక టిక్కీ తేజా కాయలు అమ్మిన సొమ్ముకు ఒక టెరాబైట్ మామూలు హార్డ్ డిస్కు వస్తుంది. అవి రెండు కొనండి. వీలైతే రెండు వేర్వేరు కంపెనీలవి, ఒకే బ్యాచ్‌లో ఒకే లోపం ఉండవచ్చు కాబట్టి. ఒకటి కొట్లో, ఒకటి ఇంకో ఊళ్లోని ఇంట్లో. వారం వారం మార్చుకోండి. నకలు తీసిన వెంటనే తీగ పీకేయండి. మూడోది సంస్థ పేరు మీద తీసుకున్న క్లౌడ్ ఖాతాలో, పాత ప్రతులు కూడా నిలబెట్టే పద్ధతిలో. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి బయట అనే ఈ సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్. ఫొటోలు పోతే తిండి పోయే మనిషి కాబట్టి ఆలోచించాడు. నాలుగైదేళ్లకు ఒకసారి, డిస్కు బాగున్నా సరే, కొత్త దానిలోకి మార్చేయండి. పాస్‌వర్డులు కవరులో పెట్టి సీలు వేసి బ్యాంకు లాకర్లో ఉంచండి. వందల టెరాబైట్లున్న ఆసుపత్రికో పెద్ద సంస్థకో అయితే టేపు తీసుకోమనే అంటాను. ఒక ఎల్‌టీఓ-9 టేపులో 18 టెరాబైట్లు పడతాయి, అలమారలో కరెంటు లేకుండా ఉంటుంది. కానీ డ్రైవు లక్షల్లో ఉంటుంది, పైగా ఆ ఎల్‌టీఓ-9 డ్రైవు తన తరం టేపు కాక ఒక్క తరం వెనకటి టేపునే చదువుతుంది. కమీషన్ కొట్టుకు దాని జోలి వద్దు.

ఈ జాబితాలో ఫలానా కంపెనీది మేలు అని నేను చెప్పలేదని కొందరికి వెలితిగా ఉండవచ్చు. చెప్పను. దుకాణంలో ఏది ఉంటే అది తీసుకోండి, నకిలీ కాకుండా బిల్లుతో తీసుకోండి, అంతే.

గుంటూరు మిర్చి యార్డుకు మేలో సెలవులిస్తారు. కాటాలు ఆగుతాయి, గుమాస్తాలకు కాస్త తీరిక దొరుకుతుంది. ఆ రోజుల్లో ఒక పూట కేటాయించి, కిందటి ఏటి బ్యాకప్‌ను కొట్లోది కాని వేరే కంప్యూటరులో తెరవండి. ఎవరైనా ముగ్గురు రైతుల పేర్లు తీసి, వాళ్ల నిలువలు కాగితం పట్టీలతో సరిచూడండి. ఆడిటర్లకు కూడా ఒక విన్నపం: సంతకం పెట్టేముందు "బ్యాకప్ ఉందా" అని అడగడం మానేసి, "ఏదీ, తెరిచి చూపించండి" అనండి.